వంటింట్లోంచి వినిపించిన మోడ్

మొదటి జీతంతో గిటార్ కొన్నా. నాలుగు పాటలు వచ్చాక మోడ్స్ మీద పడ్డా. అయోనియన్, డోరియన్, లిడియన్... ఏడు పేర్లు, ఏడు చార్టులు. సెమిస్టర్ పరీక్షలకు చదివినట్టు బట్టీ పట్టా. వాయిస్తే మాత్రం అన్నీ ఒకేలా వినిపించేవి. విసుగొచ్చి పక్కన పెట్టేశా.

పోయిన సంక్రాంతికి గిటార్‌ని ఇంటికి తీసుకెళ్లా. లావుపాటి ఆరో తీగను శ్రుతిలా మోగిస్తూ, సన్నటి మొదటి తీగ మీద 0, 2, 4, 5, 7, 9, 11, 12 ఫ్రెట్లు వాయిస్తున్నా. పొరపాటున 5కు బదులు 6 నొక్కా. వంటింట్లోంచి అమ్మ గొంతు: “శంకరాభరణం కాస్తా కల్యాణి అయిందేంట్రా?”

చార్టు తీసి చూశా. లిడియన్!

మళ్లీ మొదటికొచ్చి, 11కు బదులు 10 నొక్కితే హరికాంభోజి, అంటే మిక్సోలిడియన్. దాంతోపాటు 4కు బదులు 3 నొక్కితే ఖరహరప్రియ, అదే డోరియన్. “గమకాల్లేవు, ఇవి ఉత్త మెట్లేరా” అని నవ్వింది అమ్మ. నిజమే. కానీ తేడా మొదటిసారి చెవికి తెలిసింది. ఇన్నాళ్లూ కింద ‘సా’ మోగకుండా వాయించడమే నా పొరపాటు.

పెళ్లికి ముందు అమ్మ సంగీతం నేర్చుకుందని తెలుసు. పాడగా ఎప్పుడూ వినలేదు. అడగనూ లేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్. నేను ఒక స్వరం మారుస్తా, అమ్మ ఆ రాగం పాడుతుంది. మొదట్లో గొంతు పలకట్లేదని మధ్యలోనే ఆపేసేది. పోయిన వారం నేను కాల్ కట్ చేయబోతే, “ఉండరా, ఇంకా తోడి అవ్వలేదు” అంది.