ర్యాంకు కొలిచేది, కొలవలేనిది

విద్యలో మూల్యాంకనం ప్రధానంగా రెండు విధాలు: విద్యార్థి ఒక విషయాన్ని ఎంతవరకు గ్రహించినదీ నిర్దిష్ట ప్రమాణంతో పరిశీలించేది ప్రమాణాధారిత మూల్యాంకనం కాగా, తోటి అభ్యర్థులతో పోల్చి స్థానాన్ని నిర్ణయించేది సాపేక్ష మూల్యాంకనం. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌లో 2019 నుంచి అమలవుతున్న పర్సంటైల్ పద్ధతి రెండో కోవకు చెందినది. 99 పర్సంటైల్ అంటే నూటికి 99 మార్కులని కాదు, ఆ విడతలో పరీక్ష రాసినవారిలో 99 శాతం మందికి ఆ అభ్యర్థితో సమానంగానో, అంతకన్నా తక్కువగానో మార్కులు వచ్చాయని మాత్రమే అర్థం.

పరిమితమైన సీట్లను లక్షలాది మందిలో కొందరికే కేటాయించవలసి వచ్చినప్పుడు ఇటువంటి వడపోత అనివార్యమే. సిఫారసుకూ పలుకుబడికీ తావివ్వని ప్రవేశ పరీక్ష వల్ల ఎందరో సామాన్య కుటుంబాల పిల్లలు ఉన్నత విద్యాసంస్థల్లో అడుగుపెట్టగలిగిన మాటా వాస్తవమే. అయితే తెలుగు రాష్ట్రాల్లోని అనేక ఇంటర్మీడియట్ కళాశాలల్లో ఈ వడపోత నిత్య బోధనలోకే చొరబడి, వారాంతపు పరీక్షల మార్కులను బట్టి సెక్షన్లు మార్చడం, ర్యాంకుల జాబితాను నోటీసు బోర్డుపై అంటించడం పరిపాటి అయినప్పుడు, పక్క బెంచీ స్నేహితుడే ప్రత్యర్థిగా మారతాడు. తెలియని లెక్కను అడగడం నామోషీగా, తెలిసినదాన్ని చెప్పడం నష్టంగా తోస్తుంది. ఒకరికి విడమరచి చెప్పినప్పుడే చెప్పినవారి అవగాహనా గట్టిపడుతుంది కనుక, ఈ ధోరణి వల్ల వెనుకబడినవారితో పాటు ముందున్నవారూ నష్టపోతున్నారు.

పోటీని ప్రవేశ పరీక్షకే పరిమితం చేసి, తరగతి గదిలో ప్రతి విద్యార్థి ప్రగతినీ ఆ విద్యార్థి నిన్నటి స్థాయితోనే పోల్చడం విద్యాసంస్థలూ తల్లిదండ్రులూ కలిసి నెరవేర్చవలసిన బాధ్యత.