ఓవర్‌డ్రైవ్ పెడలు ఎంపిక – వినికిడి సంరక్షణ

రక్తపుపోటు, మధుమేహము, మూత్రపిండముల వ్యాధులను గురించి ఇక్కడ చదవడానికి అలవాటుపడిన మీకు ఈ శీర్షిక వింతగా తోచవచ్చు. బ్లూస్ రాక్ వాయించే ఎలక్ట్రిక్ గిటారుకు ఏ పెడలు కొనాలో చెప్పడము పదవీవిరమణ చేసిన వైద్యుని పని కాదని మీరనుకుంటే తప్పు లేదు. ఈ దసరా వరకు నేనూ అలాగే అనుకునేవాడిని.

సెలవులకు మా మనవడు సుమ్మాదేవిలో గిటారుతో దిగాడు. ఇంజనీరింగు మూడవ సంవత్సరము చదువుతున్నాడు. కళాశాలలో మిత్రులతో కలిసి బ్లూస్ రాక్ వాయిస్తాడు. వచ్చిన మరునాడు వసారాలో కాఫీ తాగుతూ, “తాతగారూ, నాకొక ఓవర్‌డ్రైవ్ పెడల్ కొనిపెట్టండి” అన్నాడు. ఎందుకని అడిగాను. అది లేకపోవడము వలన మిత్రుని వాల్వు ఆంప్లిఫయరును పూర్తిగా పెంచి వాయించవలసి వస్తోందనీ, ఆ రాత్రి చెవులు గుయ్యిమంటున్నాయనీ, తెల్లవారేసరికి అదే సర్దుకుంటోందనీ చెప్పాడు. ఆ చివరి మాట చాలా మామూలుగా అన్నాడు. నాకు మాత్రము కాఫీ గొంతు దిగలేదు.

కారణము చెబుతాను. వైద్యవిద్యార్థిగా ఉన్న రోజులలో నేనూ గిటారు పట్టుకున్నవాడినే. అప్పట్లో మాకు పెడలు అనే వస్తువు కంటబడలేదు. రికార్డులలో విన్న ఆ గరగరలాడే ధ్వని కావాలంటే అద్దె ఆంప్లిఫయరు మీటను చివరిదాకా త్రిప్పడమొకటే మాకు తెలిసిన దారి. నా ఎడమ చెవి దానికి ఎదురుగా ఉండేది. మరునాటికి హోరు తగ్గేది కనుక ఏమీ కాలేదనుకున్నాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన ఉద్దానముపై విరుచుకుపడిన సంగతి మీకు తెలిసినదే. కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. కరెంటు చాలా రోజులు రాలేదు. పంకా లేని ఆ నిశ్శబ్దములో పడుకుని, “కీచురాళ్ళు ఎంతగా అరుస్తున్నాయో చూశావా?” అని మా ఇంటావిడతో అన్నాను. ఆమె కొంచెముసేపు చెవి ఒగ్గి, “ఏ కీచురాళ్ళండీ? ఒక్కటీ లేదు” అన్నది. అది నా చెవిలోని హోరు. అన్నేళ్ళుగా పంకా చప్పుడు దానిని కప్పిపెట్టింది. తరువాత వినికిడి పరీక్ష చేయించుకుంటే గీతలో 4,000 హెర్ట్జ్ వద్ద లోతైన గుంట కనిపించింది. పెద్ద శబ్దములకు దెబ్బతిన్న చెవి వేసే ముద్ర అది. రోగులకు ఎన్నోసార్లు చూపించిన ముద్రను నా కాగితముపైనే చూసుకున్నాను.

ఇక అసలు విషయమునకు వస్తాను. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతము వినిపించినప్పుడు ఆంప్లిఫయరు చేయవలసిన పని స్వరాన్ని స్వచ్ఛముగా పెంచడము. బ్లూస్ రాక్ వారు కోరేది వేరు. వారికి స్వరము అంచులు కొద్దిగా నలగాలి. వాల్వులతో పనిచేసే ఆంప్లిఫయరును దాని శక్తికి మించి తోస్తే విద్యుత్తరంగపు శిఖరములు చదునవుతాయి. అప్పుడు మూలస్వరముపై కొత్త అతిస్వరములు పుట్టి, ధ్వని బొంగురుపోయిన గాయకుని గొంతు వలె వెచ్చబడుతుంది. దీనినే ఓవర్‌డ్రైవ్ అంటారు. ఇటువంటి ధ్వని కోసము 1964లో కింక్స్ బృందపు గిటారిస్టు డేవ్ డేవీస్ స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీల్చాడు.

చిక్కంతా ఒక్కటే. వాల్వులు అలా నలగాలంటే ధ్వని చాలా పెరగాలి. పదిహేను వాట్ల చిన్న వాల్వు ఆంప్లిఫయరు కూడా ఇంటి గదిలో ఆ స్థితికి వచ్చేసరికి 100 డెసిబెల్‌లను మించగలదు. ఓవర్‌డ్రైవ్ పెడలు ఆ పనిని అరచేతిలో పట్టే డబ్బాలో, తొమ్మిది వోల్టుల విద్యుత్తుతో చేస్తుంది. తరంగము పెడలులోనే నలుగుతుంది, ఆంప్లిఫయరు మెల్లగా పలికినా చాలు. అందుచేత మా మనవని కోరికలో నాకు విలాసము కనబడలేదు, చెవికి రక్షణ కనబడింది. అయితే పెడలు తనంతట తాను రక్షించదు. దానిని ఎలా ఎన్నుకుంటామో, ఎలా వాడతామో అన్నదే ముఖ్యము.

చెవిని గురించి కొంత చెప్పాలి. ధ్వని కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలిక మూడు చిన్న ఎముకల ద్వారా లోచెవిలో శంఖమువలె చుట్టుకున్న నాళమునకు చేరుతుంది. ఆ కర్ణశంఖములో సుమారు 15,000 కేశకణములు ఉంటాయి. వాటిలో బయటి వరుసలవి సన్నని శబ్దములను పెంచే ఆంప్లిఫయరు వలె పనిచేస్తాయి. లోపలి వరుసవి సందేశాన్ని నాడులకు అందిస్తాయి. చర్మము గాయపడితే మానుతుంది, ఎముక విరిగితే అతుకుతుంది. మనిషి చెవిలో చనిపోయిన కేశకణము మాత్రము తిరిగి పుట్టదు. బయటి వరుస కణములు నశించినవారికి సన్నని మాట వినబడదు, పెద్ద శబ్దము భరింపరానిదవుతుంది. స్వరము పెడలులో నలిగితే సంగీతమవుతుంది, చెవిలో నలిగితే వ్యాధి అవుతుంది.

శబ్దము కూడా మందు వలె మోతాదు లెక్కన పనిచేస్తుంది. 85 డెసిబెల్‌లలో రోజుకు ఎనిమిది గంటలు పరిమితి అని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్‌లకు కాలము సగమవుతుంది. 88లో నాలుగు గంటలు, 94లో ఒక గంట, 100లో పదిహేను నిమిషములు. మా మనవని సాధన ఒక్కొక్కసారి రెండు గంటలు. లెక్క మీరే కట్టండి. పరికరము లేనివారికి సులువైన పరీక్ష ఒకటుంది. చేయి చాపినంత దూరములో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తే అక్కడి శబ్దము చెవికి హాని చేసే స్థాయికి చేరినట్లే.

తెల్లవారేసరికి హోరు తగ్గడము కోలుకున్నట్లే కదా అని మీరడగవచ్చు. తాత్కాలికముగా అలసిన కణములు కోలుకోవడము నిజమే. కానీ అలా పదే పదే అలసినవి ఒకనాటికి కోలుకోవు. బ్లూస్ రాక్‌ను ప్రపంచమునకు వినిపించిన ఎరిక్ క్లాప్టన్ తనకు చెవిలో హోరు ఉన్నదనీ, వినికిడి తగ్గుతున్నదనీ 2018లో చెప్పాడు. హూ బృందపు పీట్ టౌన్‌షెండ్ కూడా తన వినికిడి నష్టాన్ని బహిరంగముగా చెప్పుకున్నాడు.

మరి రెండు రోజులకు మేమిద్దరమూ పలాసలో బండి ఎక్కి విశాఖపట్నము వెళ్ళాము. అక్కడ వాద్యముల దుకాణములో మా ముందు మూడు పెడళ్ళు పెట్టారు. మొదటిది ఐబనీజ్ వారి టీఎస్9. ట్యూబ్ స్క్రీమర్ కుటుంబానికి చెందిన ఈ పెడలు 1982లో వచ్చింది. స్టీవీ రే వాన్ వాడుక వలన ఆ కుటుంబానికి బ్లూస్ లోకములో గొప్ప పేరు వచ్చింది. ఇది మంద్రాన్ని కొంత తగ్గించి మధ్యస్థాయిని ముందుకు తెస్తుంది. రెండవది 1981 నాటి బాస్ ఎస్‌డీ‑1. ఇదీ మధ్యస్థాయినే ముందుకు తెచ్చినా, తరంగపు పై శిఖరాన్నీ క్రింది శిఖరాన్నీ అసమానముగా నలుపుతుంది కనుక గరుకుదనము కొంచెము వేరు. మూడవది 1995 నాటి బాస్ బీడీ‑2, బ్లూస్ డ్రైవర్. ఇది మంద్రాన్ని అంతగా కోయదు, వేలి ఒత్తిడికి తగినట్లు పలుకుతుంది.

మనవడు మూడూ వాయించి మూడవదే కావాలన్నాడు. నేను ఫోనులోని శబ్దమాపకాన్ని తెరిచి అతని ప్రక్కన పెట్టాను. ఫోను కొలత వైద్యపరీక్షకు పనికిరాదు కానీ, రెండింటిని పోల్చడానికి సరిపోతుంది. మూడవ పెడలు లెవెల్ మీట ఎక్కువగా త్రిప్పి ఉన్నది. మిగిలిన వాటికంటె ఐదారు డెసిబెల్‌లు ఎక్కువ చూపించింది.

ఇక్కడ మనసు చేసే మోసమొకటి ఉన్నది. అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే చూపినట్లు, ధ్వని తగ్గినప్పుడు మన చెవికి మంద్రస్వరములు ఇంకా ఎక్కువగా తగ్గినట్లు తోస్తాయి. ధ్వని పెరిగితే అవి నిండుగా వినబడతాయి. అందుచేత ఏ రెండు పెడళ్ళలోనైనా బిగ్గరగా ఉన్నదే మంచిదనిపిస్తుంది. మూడింటినీ ఒకే స్థాయికి, అదీ ఇంటి గదిలో వాయించే మెల్లని స్థాయికి తెచ్చి మళ్ళీ వాయించమన్నాను. ఈసారి అతడు చాలాసేపు ఆలోచించాడు.

అప్పుడు నేను పెద్దరికము చూపబోయాను. ఎస్‌డీ‑1 ధ్వని నాకు మూసుకుపోయినట్లు తోచి, టోన్ మీటను బాగా కుడికి త్రిప్పాను. నాకు హాయిగా ఉన్నది. మనవడు మాత్రము మొహము చిట్లించి, “తాతగారూ, చెవులు కోసేస్తోంది” అన్నాడు. దుకాణములోని కుర్రవాడు కూడా మర్యాదగా తల ఊపాడు. నేను చేయి వెనక్కి తీసుకున్నాను. నా చెవికి అందని తారస్వరములను నింపుకోవడానికి నేను మీట త్రిప్పాను. వినికిడి పరీక్ష కాగితముపై చూసిన గుంట లోతు నాకు ఆ క్షణములో తెలిసినంతగా మరెన్నడూ తెలియలేదు. ఈ కారణముచేతనే గిటారు వాయించే పెద్దలకు ఒక మనవి. మీ చెవికి నచ్చిన ధ్వనితో పిల్లలను కూర్చోబెట్టకండి. మీటలు త్రిప్పడము ఆరోగ్యమైన చెవులకు వదిలేయండి.

అతడు చివరకు ఎస్‌డీ‑1 ఎన్నుకున్నాడు. మెల్లగా వాయించినప్పుడు స్వరము చిక్కబడి స్పష్టముగా వినబడుతోందన్నాడు. మీకు మరొకటి నచ్చవచ్చు. పేరు కంటె పోల్చిన పద్ధతి ముఖ్యము.

ఇంటికి వచ్చాక రెండు నియమములు పెట్టుకున్నాము. డ్రైవ్ మీట స్వరము ఎంత నలగాలో నిర్ణయిస్తుంది, లెవెల్ మీట ఎంత బిగ్గరగా బయటకు రావాలో నిర్ణయిస్తుంది. పేరుపొందిన గిటారిస్టులు డ్రైవ్ తగ్గించి లెవెల్ పెంచి వాల్వు ఆంప్లిఫయరును తోస్తారు. ఇంటిలో దానికి విరుద్ధముగా చేయాలి. కావలసినంత డ్రైవ్ పెట్టుకుని, పెడలు నొక్కినా తీసినా ధ్వని ఒకే స్థాయిలో ఉండేటట్లు లెవెల్ సర్దుకోవాలి. రెండవది, ఓవర్‌డ్రైవ్ ధ్వనిలో శిఖరములు నలిగి హెచ్చుతగ్గులు తగ్గుతాయి కనుక చెవికి విశ్రాంతి దొరకదు. అరగంటకొకసారి పది నిమిషములు ఆపాలి. బృందముతో వాయించేటప్పుడు చెవిబిరడాలు తప్పనిసరి. స్పీకరును చెవికి ఎదురుగా పెట్టుకోకూడదు.

ఉద్దానములోని చదువరులకు ప్రత్యేకముగా ఒక మాట. ఇక్కడ మూత్రపిండముల వ్యాధి ఎన్ని ఇళ్ళను కుంగదీసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. జెంటమైసిన్, ఎమికాసిన్ వంటి ఇంజక్షనులు లోచెవిలోని కేశకణములకు హాని చేయగలవు. మూత్రపిండములు మందగించినవారి శరీరములో అవి ఎక్కువసేపు నిలుస్తాయి కనుక ఆ ప్రమాదము హెచ్చు. హెచ్చు మోతాదులో ఫ్యూరోసిమైడ్ కూడా వినికిడిని తగ్గించవచ్చు. వైద్యుడు ఇచ్చిన మందును మీ అంతట మీరు ఆపకండి, కానీ మూత్రపిండముల సంగతి, చెవిలో హోరు సంగతి ముందే ఆయనకు చెప్పండి. ఆ మందులు వాడుతున్న రోజులలో గిటారైనా, ఊరేగింపులోని డీజే పెట్టెలైనా దూరముగా ఉంచండి. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే ఆ రోజే చెవి వైద్యుని చూడండి. ఆలస్యమైతే చికిత్సకు ఫలితము తగ్గుతుంది.

మనవడు వెళ్ళే ముందు రాత్రి వసారాలో వాయించాడు. నేను రెండు గజముల దూరములో కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడితే అతనికి వినబడింది. పలాస వైపు ఒక గూడ్సు బండి వెళ్ళిపోయింది. పెడలు తీసివేసి, తీగలపై అరచేయి ఉంచి, “తాతగారూ, కీచురాళ్ళు ఎంతగా అరుస్తున్నాయో!” అన్నాడు. నా చెవిలోనూ ఏదో అరుస్తూనే ఉన్నది. అది తోటలోనిదో నాలోనిదో నేను చెప్పలేను. లోపలి నుండి మా ఇంటావిడ, “అవును నాయనా, ఈవేళ చాలా ఉన్నాయి” అన్నది.

వాడి చెవులు గుయ్యిమంటున్నాయా అని అడిగాను. లేదన్నాడు.