అబ్బాజాన్ చేతక్‌కు చక్రాలు

వార్షిక సంచికకు తెలుగు ఉపన్యాసకుడు ఏదో ఒక కావ్య విచారణ పంపుతాడని పాఠకులు ఎదురుచూడడం సహజం. ఈసారి మేము స్కూటరు చక్రాలను గురించి వ్రాస్తున్నాము. విద్యార్థి మిత్రులు నవ్వుకున్నా మాకు అభ్యంతరం లేదు. వారిలో చాలామంది బండ్లపైనే కళాశాలకు వస్తారు గాని, తమ బండి టైరు ప్రక్కన ఏమి అచ్చువేసి ఉన్నదో చదివిన వారు అరుదు.

మా అబ్బాజాన్ కర్నూలుకు ఆవల ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. బజాజ్ చేతక్ 1972లో వెలువడిన బండి. మా ఇంటికి వచ్చినది 1988లో. స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి వరుసలో వేచిన తరం వారిది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి పట్టణాన్ని ముంచినప్పుడు ఆ బండి మా వీధిలో నీటి అడుగున ఉన్నది. వరద తీశాక వారు ఇంజను విప్పించి, కడిగించి, కొత్త టైర్లు వేయించి మరల నడిపారు. నాలుగేళ్లకు వారు కన్నుమూశారు. బండి వసారాలో గోనెపట్టా క్రింద ఉండిపోయింది.

ఇప్పుడు మా తమ్ముడు దానిని మరల రోడ్డెక్కించాలని సంకల్పించాడు. ఇంజను పనికిగాని, రంగుకుగాని ఇంట్లో వాదం రాలేదు. వాదమంతా చక్రాల వద్దనే వచ్చింది.

అమ్మీజాన్ పట్టు ఒకటే. “మీ అబ్బా దగ్గరుండి వేయించిన టైర్లు. గాడులైనా అరగలేదు. ఎందుకు తీసిపారేస్తారు?” ఆ మాటకు వెంటనే బదులు చెప్పలేకపోయాము. గాడులు నిజంగానే లోతుగా ఉన్నాయి. అయితే రబ్బరు వయస్సును గాడులు చెప్పవు. టైరు ప్రక్కభాగాన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. మా టైరుపై 3609 అని ఉన్నది. అనగా 2009లో 36వ వారం, వరదకు సుమారు ఒక నెల ముందు. ఏళ్లు గడచిన కొద్దీ గాలి తగిలి రబ్బరు మెత్తదనం కోల్పోతుంది. గోరుతో నొక్కితే దిగదు. ప్రక్కలు వంచితే సన్నని పగుళ్లు తెరుచుకుంటాయి. తడి రోడ్డుపై అది పట్టు నిలుపుకోలేదు. చేతక్ చక్రం చిన్నది. టైరుతో కలిపి దాని ఎత్తు దాదాపు 17 అంగుళాలు మాత్రమే గనుక గుంతలో లోతుగా దిగుతుంది. అటువంటి బండికి ముందు టైరు పగిలితే హాండిలు చేతిలో నిలవడం కష్టం. అంకెల అర్థం చెప్పినప్పుడు అమ్మీజాన్ మరేమీ అనలేదు. ఆ గడిని మాత్రం కొంగుతో తుడిచి చూశారు.

తమ్ముడి కోరిక వేరు. మిలమిలలాడే అల్లాయ్ చక్రాలు, ట్యూబు లేని టైర్లు కావాలన్నాడు. కొలత కుదరదని త్రోసిపుచ్చడానికి వీలులేదు. పాత టైరుపై 3.50-10 అని ఉంటుంది. వెడల్పు మూడున్నర అంగుళాలు, రిమ్ము పది అంగుళాలు. నేటి చిన్న స్కూటర్లపై కనిపించే 90/100-10 ఇంచుమించు అదే కొలత, వెడల్పును మిల్లీమీటర్లలో చెప్పారంతే. చిక్కు రిమ్ములోనే ఉన్నది. చేతక్ రిమ్ము రెండు ముక్కలను నట్లతో బిగించి చేసినది. ఆ అతుకు గాలిని ఆపలేదు. ట్యూబు ఉండి తీరాలి. ట్యూబు లేని టైరులోనే ట్యూబు దూర్చి నడిపేవారు ఉన్నారు. లోపల వేడి పెరుగుతుంది గనుక మాకది సమ్మతం కాదు. ఒకే ముక్కగా పోతపోసిన చక్రాలు కొంటే ఆ బాధ లేదు గాని, అవి డ్రమ్ముపై సరిగా కూర్చోవాలి, టైరు ఎక్కడా ఒరుసుకోకూడదు. పైగా, నిజం చెప్పవలసివస్తే, ఆ తెల్లని ఇనుప రిమ్ములు లేని చేతక్ మా కళ్లకు అబ్బాజాన్ బండిలా కనిపించదు.

కనుక రిమ్ములు పాతవి, టైర్లు కొత్తవి అని నిర్ణయమైంది. అయితే పాతదన్న గౌరవంతోనే రిమ్మును ఉంచుకోరాదు. మేస్త్రీ మూడు చక్రాలనూ, అనగా స్టెప్నీతో సహా, విప్పారు. అందులో రెండు వరుసల నట్లు ఉంటాయి. ఒక వరుస చక్రాన్ని డ్రమ్ముకు పట్టి ఉంచేది, రెండవది రిమ్ము ముక్కలను కలిపి ఉంచేది. గాలి ఉండగా రెండవ వరుసను విప్పితే ముక్కలు ఎగిరి మనిషిని గాయపరచగలవు. వాల్వు పిన్ను తీసి, గాలి పూర్తిగా పోయాకనే స్పానరు పెట్టాలి. ఇంట్లో పంక్చరు వేసుకునే ఉత్సాహవంతులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవవలసిందిగా కోరుతున్నాము.

తుప్పు తోమిన మీదట రెండు రిమ్ములు నిలిచాయి. మూడవదానికి అతుకు వెంబడి లోహం గుంటలు పడి పలుచబడింది. వరద నీరు లోపలికి దిగి, అక్కడే నిలిచిపోయి ఉంటుంది. దానికి బదులు వేరొకటి వెదకి తెచ్చాము. త్రిప్పి చూస్తే వంకర లేదు. రంగు పలుచగా వేయమన్నాము. నట్టు కూర్చునే చోట మందమైన పూత ఉంటే, అది నలిగినకొద్దీ నట్టు వదులవుతుంది.

టైర్లు ట్యూబు రకానివే, మూడూ ఒకే గాడి నమూనావి తీసుకున్నాము. ముందుకూ వెనుకకూ ఒకే స్టెప్నీ పనికిరావాలి గదా! దుకాణంలో తేదీ గడి చూడకుండా ఒక్కటీ తీసుకోలేదు. టైరు మీద 53 జె అని ఉంటే ఒక్కొక్కటి 206 కిలోల బరువు మోయగలదని, గంటకు 100 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని భావం. ముగ్గురేసి ఎక్కి వచ్చే మిత్రులు తమ టైరుపై ఏమున్నదో చదువుకోగలరు.

పాత టైర్లలో ఒకటి పాత సామానులవాడికి వేశాము. 3609 గడి ఉన్నదానిని అమ్మీజాన్ ఇవ్వనీయలేదు. అది మెట్ల క్రింద ఉన్నది.

రిజిస్ట్రేషను పునరుద్ధరణకు బండిని వచ్చే వారం రవాణా కార్యాలయంలో చూపించాలి. అమ్మీజాన్ వెనుక సీటుపై కూర్చుని తానూ వస్తానంటున్నారు. బయలుదేరే ముందు వెనుక చక్రానికి మరికొంత గాలి పెట్టించాలి.