మా మొహానికి తగిన లైటు

కుల ధ్రువపత్రానికి, హాస్టల్ దరఖాస్తుకు ఫోటో కావాలంటే మావాళ్లు బస్సెక్కి కిందికి దిగాలి. అక్కడ తీసిన ఫోటోల్లో మేం ఎప్పుడూ మాలా లేం. అడక్కపోయినా మొహం తెల్లగా చేసి ఇచ్చేవారు.

అందుకే ముగ్గురం కలిసి, కాఫీ గింజలమ్మిన డబ్బుతో ఊళ్లోనే ఒక గదిలో స్టూడియో పెట్టాం. కెమెరా పాతదే. చిక్కంతా లైట్ల దగ్గరే. 400 వాట్ సెకన్ల స్ట్రోబ్ కొనమన్నాడు దుకాణం అతను. లెక్క వేసుకున్నాం. 200 నుంచి 400కు వెళ్తే వెలుగు పెరిగేది ఒక్క స్టాప్. ఆరడుగుల దూరంలోని లైటును నాలుగడుగులకు జరిపితే అంత వెలుగూ ఊరికే వస్తుంది. మా గదే పదడుగులు! పవరు ఎంత పెరుగుతుందని కాదు, ఎంత తగ్గుతుందని అడగాల్సింది. 200ది ఒక్కటే కొన్నాం. బోవెన్స్ మౌంట్ ఉన్నదే తీసుకున్నాం, చాలా కంపెనీల సాఫ్ట్‌బాక్సులు దానికి పడతాయని. ప్రస్తుతానికి తెల్ల గొడుగే. రెండో లైటుకు బదులు థర్మాకోల్ షీటు. బ్యాటరీ లైటు మా చేతికందలేదు, కరెంటు పోతే కూర్చోవడమే.

మొదట్లో తెల్లచొక్కా చూసి వెలుగు తగ్గించాం. మొహాలు మునిగిపోయాయి. ఇప్పుడు మొహాన్ని చూసే పెడుతున్నాం.

పింఛను కాగితాలకని ఒక అవ్వ వచ్చింది. లైటు పక్కకు జరిపి తీశాం. ఫోటో చూసుకుని నుదుటి పచ్చబొట్టు తడుముకుంది. ఇంకొకటి పెద్దది కావాలంది, ఇంట్లో పెట్టుకోవడానికి.