సారూ, ఈ గోలీ దేనికి?

డాక్టరు చేతిరాతను తిట్టుకోని మెడికల్ షాపాయన ఉండడు. తిట్టుకొని ఊరుకోకుండా హైకోర్టు మెట్లెక్కినాయన మాత్రం మన నల్లగొండలో ఉన్నారు. పేరు చిలుకూరి పరమాత్మ. నోయిడాలో జ్వరమొచ్చిన మూడేళ్ల బిడ్డకు ఒక సూదికి బదులు ఇంకో సూది వేస్తే ప్రాణం పోయిందని వార్తల్లో చదివి, 2014లో హైదరాబాద్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. చేత్తో రాసే మందుల చిట్టీలే వద్దని ఆయన పట్టు. 2016లో భారత వైద్య మండలి దిగొచ్చి, మందు అసలు పేరు చదవగలిగేటట్టు, వీలైతే ఇంగ్లీషు పెద్ద బడిలో రాయాలని చెప్పింది. 2025లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, చదవగలిగే చిట్టీ రోగి ప్రాథమిక హక్కు అంది. అయినా తన కౌంటరు మీదికి కోడి కెలికినట్టున్న చిట్టీలు వస్తూనే ఉన్నాయని అదే ఏడాది పరమాత్మ గారు చెప్పారు.

సరే, కోర్టుల పని కోర్టులు చేస్తాయి. అప్పటిదాకా మనం ఏం చేద్దాం? డాక్టరు రాస్తాడు, షాపులో పిల్లగాడు ఇస్తాడు, ఇంట్లో కోడలు చేతికందిస్తుంది. ఆ గోలీ నోట్లో పడేముందు దాన్ని చూసే ఆఖరి మనిషి మింగేవాళ్లే. ఆ మనిషి నోరు మెదపదు. అడిగితే డాక్టరుకు కోపమొస్తుందని భయం, చదువు రానిదాన్ని నాకేం తెలుస్తుందని మొహమాటం.

దేవరకొండలోనో, అచ్చంపేటలోనో సాయంత్రం పూట మెడికల్ షాపు ముందు ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. బస్సు పోతుందని అందరికీ తొందరే. పది గోలీల స్ట్రిప్పులో నాలుగు చాలంటే కత్తెర పడుతుంది. గడువు తేదీ ఒక్కోసారి షాపులో మిగిలే ముక్కకే ఉండిపోతుంది, మందు పేరులో సగం కూడా దానితోనే పోతుంది. ఇంటికొచ్చేది వెండి రంగు ముక్క. మరునాడు ఎవరైనా ఏం వేసుకున్నావంటే "గా తెల్ల గోలీ" అనాల్సిందే. అందుకే కత్తెర పడకముందే అడగాలి: "బిడ్డా, పేరు, తారీఖు ఉన్న దిక్కు నాకియ్యి." అంతగా కుదరకపోతే మొత్తం స్ట్రిప్పుకు ఫోన్లో ఫొటో కొట్టుకోవచ్చు. ఫోను లేని ఇల్లు ఇప్పుడెక్కడుంది!

ఇంకొక్క మాట అడిగితే సగం పొరపాట్లు అక్కడే తేలుతాయని నా నమ్మకం: "ఇది దేనికి?" మెట్‌ఫార్మిన్ షుగరుకు వాడేది. మెట్రోనిడజోల్ అమీబియాసిస్ లాంటి ఇన్ఫెక్షన్లకు ఇచ్చేది. గీతల్లో రాస్తే రెండూ ఒకే తల్లి బిడ్డల్లా కనబడతాయి. షాపాయన "కడుపులో ఇన్ఫెక్షనుకు" అన్నాడనుకోండి, "నాకు షుగరుకు గదా రాసిండు" అని అవ్వ అన్నదంటే ఆయన చేయి ఆగుతుంది, చిట్టీ మళ్లీ చూస్తాడు.

అన్నిటికీ రోగే జవాబుదారీ అని నేననను. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లి ఆరోగ్య కేంద్రంలో టీకా వేసిన పసిపిల్లలకు జ్వరం రాకుండా పారాసిటమాల్ ఇవ్వాల్సింది. దాని బదులు ట్రమడాల్ ఇచ్చారు. అది పెద్దవాళ్ల గట్టి నొప్పులకు వాడే మందు. పసిప్రాణాలు పోయాయి. సర్కారు దవాఖానలో నర్సమ్మ చేతికిచ్చిన గోలీని ఏ తల్లి అనుమానిస్తుంది? అక్కడ సరిచూసుకోవాల్సింది సిబ్బందే. మనం అడగడం వాళ్ల బాధ్యతను తగ్గించదు. ఇంకో కాపలా పెడుతుంది, అంతే.

పసిపిల్లల సంగతి వచ్చింది కాబట్టి ఇదీ వినండి. పారాసిటమాల్ చుక్కల మందు ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములుంటుంది. అదే పేరుతో దొరికే మామూలు సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు కలిపి 120 మాత్రమే. అంటే చుక్కల మందు నాలుగింతలు ఘాటు. సిరప్ కొలతలో చుక్కల మందు పోస్తే ఏమవుతుందో లెక్క మీరే వేసుకోండి. సీసాతో వచ్చిన మూతతోనో డ్రాపరుతోనో కొలవండి, వంటింటి చెంచాతో మాత్రం వద్దు.

మన పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయేవాళ్లది మరో కత. బీపీ మందు అక్కడి డాక్టరు రాస్తాడు, ఆ చిట్టీ అక్కడి గదిలోనే ఉండిపోతుంది. పండగకు ఇంటికొస్తే ఇక్కడి డాక్టరు ఇంకో పేరుతో అదే మందు రాస్తాడు. నడుమ ఊళ్లో ఆర్ఎంపీ కాగితం పొట్లంలో కట్టిచ్చిన నొప్పుల గోలీలు. పేర్లు వేరైనంత మాత్రాన మందులు వేరు కావు: డోలో, క్రోసిన్, కాల్‌పాల్ మూడూ పారాసిటమాలే. నొప్పుల గోలీలు చాలావాటిలోనూ అది కలిసే ఉంటుంది. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు బిగుసుకున్న పెద్దవాళ్లు నొప్పుల గోలీ లేనిదే మంచం దిగలేరు. కిడ్నీలో తేడా ఉన్నా, బీపీ ఉన్నా ఆ గోలీ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. "గది మందు కాదు తీ, నొప్పికి గోలీ" అని దాచేస్తారు మనవాళ్లు. దవాఖానకు పోయేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, పొడులు, కషాయాలతో సహా, ఒక సంచీలో వేసుకొని పోయి డాక్టరు టేబుల్ మీద పెట్టండి.

కీళ్లవాతానికి ఇచ్చే మెతోట్రెక్సేట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది వారానికి ఒక్కసారే వేసుకునే మందు. మిగతా గోలీల్లాగే రోజూ మింగితే నోరు పుండ్లవుతుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా రాస్తే వారంలో ఏ రోజు వేసుకోవాలో డాక్టరుతోనే పెట్టించి, ఆ రోజు పేరు తెలుగులో డబ్బా మీద రాసుకోండి.

డాక్టరుకు కోపమొస్తుందన్న భయానికి ఒక ఉపాయం ఉంది. ప్రశ్నలా కాకుండా అప్పజెప్పినట్టు చెప్పండి: "సారూ, నాకు సమజైంది చెప్త. గిది పొద్దుగాల తిన్నంక, గిది రాత్రి, అయిదు దినాలు. తప్పైతే చెప్పుర్రి." సారు చిరాకు పడినా తప్పుంటే దిద్దుతాడు. దిద్దకపోతే ఆ డాక్టరు గురించి మీకు తెలియాల్సింది తెలిసినట్టే.

మందులతో జరిగే హానిని తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దేశాలన్నిటికీ పిలుపునిచ్చింది. అదంతా పెద్దల స్థాయిలో నడిచేది. మీ ఇంట్లో మాత్రం బడికి పోయే పిల్లనో పిల్లగాడినో కూర్చోబెట్టి ఒక కాగితం రాయించండి. ఏ మందు, ఎంత, ఎప్పుడు, దేనికి, ఏ మందు పడదు. ఆరోగ్యశ్రీ కాగితాలున్న కవరులోనే దాన్నీ పెట్టండి. పావుగంట పని. ఇంట్లో షుగరో బీపీయో ఉన్నవాళ్లుంటే ఈ ఆదివారమే కానివ్వండి.