నాకు సరిపోయిన బైబిలు పట్టిక

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని చెల్లెళ్ళు అడిగినప్పుడు ముందు భయం వేసింది. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు ఎమ్మెస్సీ గణితం చదువుతున్నాను. కష్టపడి చదవండి, పైకి రండి అని రాద్దామనుకున్నాను గానీ, ఆ మాటలు మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. అందుకే ఈ హాస్టల్లో ఉండగా నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. అది బైబిలు చదవడానికి సంబంధించింది. మనలో అన్ని మతాల వాళ్ళం ఉన్నాం. బైబిలు చదవని చెల్లెళ్ళు కూడా దీన్ని చదవవచ్చు. పరీక్షల టైంటేబుల్ రాసి గోడకు అంటించి, మూడో రోజు నుంచి అటువైపు చూడటమే మానేసిన వాళ్ళందరికీ ఇది వర్తిస్తుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మా ఊరి చర్చిలో అందరికీ ఒక అట్టముక్క పంచారు. దాని మీద 365 గడులు. రోజూ మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు. బైబిల్లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు ఉన్నాయి. వారానికి 23 చొప్పున 52 వారాలకు 1196 అవుతాయి. అంటే ఏడాదిలో మొత్తం పూర్తయి, ఇంకా ఏడు అధ్యాయాలు మిగులు. లెక్క కుదిరింది కదా అని ఎంతో సంబరపడ్డాను. లెక్క కుదరడం వేరు, మనకు కుదరడం వేరు అని అప్పుడు తెలియదు.

జనవరి బాగానే గడిచింది. ఆదికాండము 50 అధ్యాయాలు, నిర్గమకాండము 40. కథలు కాబట్టి పుస్తకం చేతిలోంచి దిగేది కాదు. నెలాఖరుకు లేవీయకాండములో అడుగుపెట్టాను. బలులు, నైవేద్యాలు, కుష్ఠు పరీక్షలు, ఏది తినవచ్చు, ఏది తినకూడదు... పొద్దున్నే గంట కొట్టగానే లేచి, నీళ్ళ దగ్గర వరసలో నిలబడి, స్టడీ అవర్‌కు కూర్చునేసరికి కళ్ళు మూతలు పడేవి. రెండు రోజులు తప్పాయి. రెండు రోజుల బాకీ తొమ్మిది రోజులైంది. ఇక ఆ అట్టముక్కను ట్రంకు పెట్టె అడుగున పెట్టేశాను.

పదో తరగతిలో మళ్ళీ కొత్త అట్ట వచ్చింది. ఈసారి ఇంకా ఘోరం చేశాను. మా అమ్మ నెలకో ఆదివారం నన్ను చూడటానికి వచ్చేది. అమ్మకు అక్షరాలు రావు. నా బైబిలు తన కూలి డబ్బుతో కొన్నదే. వచ్చినప్పుడల్లా జంతికల డబ్బా నా చేతికిచ్చి, ఆ అట్ట తీయించుకుని చూసేది. గడుల్లో ఏం రాసి ఉందో అమ్మకు తెలియదు గానీ టిక్కులు తెలుస్తాయి కదా! వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని, "మా అమ్మాయి ఇంత చదివింది" అని పక్కనున్న పిల్లల తల్లులకు చూపించేది. ఆ ముఖం చూశాక ఖాళీ గడి చూపించడానికి మనసొప్పేది కాదు. అమ్మ వచ్చే ముందు రోజు కూర్చుని, చదవని వాటికి కూడా టిక్కులు పెట్టేదాన్ని. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఆ నెల మొత్తం టిక్కులే తప్ప చదివింది లేదు.

పరీక్షలయ్యాక ఇంటికి వెళ్ళాను. మాది గోదావరి డెల్టాలో ఒక పల్లె. దాళ్వా కోతలు అయిపోయిన రోజులు. ఒక సాయంత్రం అమ్మ అరుగు మీద కూర్చుని, "ఇంత చదివావు కదా, ఏదైనా ఒకటి నాకు చెప్పమ్మా" అంది. గొంతు ఎండిపోయింది. సండే స్కూల్లో విన్న రూతు కథ గుర్తొచ్చి మొదలుపెట్టాను. విధవరాలైన రూతు అత్త నయోమితో బేత్లెహేముకు రావడం, తిండికోసం బోయజు పొలంలో పరిగె ఏరుకోవడం.

పరిగె అనేసరికి అమ్మ కూర్చున్న తీరే మారిపోయింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ వెనకాల తిరిగి, కోత కోసిన చేలో రాలిన వెన్నులు ఒడిలో ఏరుకున్న మనిషి ఆవిడ. "ఆ పిల్ల ఒక్కరోజులో ఎంత ఏరింది?" అని అడిగింది. నాకేం తెలుసు! బైబిలు తెచ్చి రెండో అధ్యాయం వెతికితే, దుళ్ళగొట్టాక దాదాపు తూమెడు యవలు అయ్యాయని ఉంది. "తూమంటే నాలుగు కుంచాలు. రాలినవి ఏరితే అంత రాదమ్మా. ఎవరో కావాలని పనల్లోంచి లాగి పడేసి ఉంటారు" అంది అమ్మ.

దానికి పైనున్న వచనం చూశాను. నిజమే. ఆమె కోసం పనల్లోంచి కొన్ని లాగి పడేయమని, ఆమెను కసరవద్దని బోయజు తన కూలివాళ్ళకు చెబుతాడు. అక్షరం రాని అమ్మ ఆ వచనం వినకుండానే చెప్పింది. అక్షరాలొచ్చిన నేను ఆ గడికి టిక్కు పెట్టి దాటిపోయాను.

ఇక దాచలేక నిజం చెప్పేశాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పనిలోకి రాకుండానే మస్తరు వేయించుకున్నావన్నమాట" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది అనిపించింది.

మరుసటి రోజు అమ్మే ఇంకో ప్రశ్న వేసింది. "పరాయి ఊరి పిల్లను చేలో ఎలా దిగనిచ్చారు?" జవాబు ఎక్కడ దొరికిందో తెలుసా? నేను రెండేళ్ళూ దాటలేకపోయిన లేవీయకాండములో. 19వ అధ్యాయంలో పొలం గట్టు వారల దాకా పూర్తిగా కోయవద్దని, రాలిన పరిగె ఏరుకోకుండా బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని ఉంది. రూతుకు దొరికినది బోయజు ఒక్కడి దయ కాదు, అది ఆమెకున్న హక్కు కూడా. ఆ అధ్యాయంలోనే ఇంకొంచెం కిందికి వెళితే, కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదని ఉంది. అది చదివి వినిపిస్తే, "ఇది మళ్ళీ చదువు" అంది అమ్మ. ఎందుకందో నాకు తెలుసు. కూలి కోసం ఆవిడ ఎన్నిసార్లు తిరిగేదో నేను చూశాను.

అప్పటినుంచి పట్టికల గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. డిగ్రీలో ఉన్నప్పుడు రాబర్ట్ మర్రే మెక్‌షేన్ పట్టిక గురించి చదివాను. ఆయన స్కాట్లండులోని డండీలో పాస్టరు. 1842లో తన సంఘం కోసం దాన్ని తయారు చేశారు. రోజుకు నాలుగు చోట్ల చదివితే ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. నాకు నచ్చింది ఏమిటంటే, ఆయన పట్టికతో పాటు దానివల్ల వచ్చే ప్రమాదాలు కూడా రాశారు. చదవడం మొక్కుబడి అయిపోతుందని, చదివేశామన్న గర్వం వస్తుందని, కొందరికి అది మోయలేని కాడి అవుతుందని ముందే హెచ్చరించారు. నా అట్టముక్క మీద ఆ హెచ్చరిక లేదు.

చెల్లెళ్ళారా, నాకు తెలిసినంతలో కొన్ని పట్టికలు చెబుతాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే. నాలుగు సువార్తలూ కలిపి 89 అధ్యాయాలు, రోజుకొకటి చొప్పున మూడు నెలల్లోపే అయిపోతాయి. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకొక అధ్యాయం చదివితే సరిగ్గా 52 వారాలు. తప్పిపోయిన రోజుల బాకీ తీర్చుకోవడానికి వారానికి రెండు రోజులు మిగులుతాయి. పరీక్షల నెలలో సామెతలు చదవండి. 31 అధ్యాయాలు కాబట్టి ఏ తారీకైతే ఆ అధ్యాయం. ఒకరోజు తప్పినా బాకీ ఉండదు. కీర్తనలు 150, రోజుకు ఐదు చొప్పున నెలలో అవుతాయి. అయితే 119వ కీర్తన ఒక్కదానిలోనే 176 వచనాలున్నాయి, దాన్ని విడిగా పంచుకోండి. ఏడాదిలో బైబిలంతా చదవగలిగిన వాళ్ళు తప్పకుండా చదవండి. నేనూ ఎప్పటికైనా చదువుతాను.

ఏది ఎంచుకున్నా ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నిద్ర రాని సమయం నాకు రోజులో ఎంతుంది? ఒక రోజు తప్పితే ఈ పట్టిక నన్ను మళ్ళీ రానిస్తుందా? చదివింది ఎవరికి చెప్పగలను? ఇప్పుడు ఫోన్లలో యాప్‌లు వచ్చాయి. వరసగా ఎన్ని రోజులు చదివామో అవే లెక్కపెడతాయి. ఆ అంకె కోసం చదివితే అది నా పాత అట్టముక్కే.

ఇప్పుడు నా పట్టిక ఇది. వారానికి ఐదు రోజులు కొత్త నిబంధనలో ఒక్కో అధ్యాయం నాకోసం. ఆదివారం సాయంత్రం ఫోన్లో అమ్మకు ఒక అధ్యాయం చదివి వినిపిస్తాను. అది ఆదికాండము నుంచి వరసగా. అమ్మ ప్రశ్నలు అడుగుతుంది, సగం వాటికి నాకు జవాబు తెలియదు. ఏడాదికి 52 అధ్యాయాలు. ఈ లెక్కన బైబిలు పూర్తి కావడానికి దాదాపు 23 ఏళ్ళు పడుతుంది, అంటే ఇప్పుడు నాకున్న వయసంత. ఆ మాట అమ్మకు చెబితే, "పట్టనీ. చదివిందైతే చదివినట్టుంటుంది కదా" అంది.

మొన్న ఆదివారం లేవీయకాండము మొదలుపెట్టాం. టిక్కులు పెట్టడం లేదు.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అక్క, పూర్వ విద్యార్థిని