పేరు తెలియని జబ్బు

పిల్లలూ, ముప్పై ఏళ్ళపాటు బడిలో "ప్రశ్నను సరిగా చదవండి" అని చెప్పినవాణ్ణి నేను. ప్రశ్నను సరిగా వేయడం మాత్రం మొన్నటి వేసవిలో మా మనమడి దగ్గర నేర్చుకున్నాను. వాడు చదివేది ఏడో తరగతి.

మా పక్కింటి రైతుకు రెండు గేదెలు. ఆనాడు ఆయన ఊళ్ళో లేడు. మధ్యాహ్నం ఒక గేదె చేనినుంచి వస్తూనే వాకిట్లో కూలబడి రొప్పసాగింది. ఆయన భార్య పశువుల డాక్టరుకు ఫోను చేసింది. అరగంటలో వస్తానన్నాడాయన.

ఈలోగా నేను సెల్‌ఫోను తీసి, దరఖాస్తు వ్రాసినట్టు, "మా పక్కింటివారి గేదె హఠాత్తుగా పడిపోయింది, కారణమేమి?" అని ఇంటర్నెట్‌లో వెదికాను. పాలజ్వరం గురించి వచ్చింది, వడదెబ్బ గురించి వచ్చింది. గేదెలు అమ్ముతామనే ప్రకటన కూడా వచ్చింది!

"పక్కింటి సంగతి దానికెందుకు, తాతయ్యా? గేదె ఏం తిన్నదో వ్రాయి," అన్నాడు మనమడు.

తిన్నది కోతలైన జొన్నచేలో మోళ్ళకు వచ్చిన లేత పిలకలు. "గేదె జొన్న పిలకలు విషం" అని నాలుగే మాటలు వ్రాశాము. వెంటనే ఒక పేరు కనబడింది: నాము! చిన్నప్పుడు మా అమ్మ నోట ఎన్నిసార్లు విన్న మాట! చదువుల్లో పడి మరిచిపోయాను.

ఈసారి "జొన్న నాము" అని వెదికాము. లేత జొన్నలోనూ, నీరులేక వాడిన జొన్నలోనూ సయనైడు విషాన్ని పుట్టించే పదార్థం ఉంటుందట. విరుగుడు ఇంజెక్షను డాక్టరే ఇవ్వాలి. మిగతా పశువులను వెంటనే ఆ చేనినుంచి తోలుకురావాలి.

రెండో గేదె ఇంకా చేలోనే ఉన్నది! మనమడు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. నేను డాక్టరుకు మళ్ళీ ఫోను చేసి, "నాములా ఉన్నదండీ," అన్నాను. ఆయన విరుగుడు తీసుకునే వచ్చాడు గాని, మొదటి గేదె దక్కలేదు. రెండోది దక్కింది.

"ముందే ఆ పేరెందుకు దొరకలేదు, తాతయ్యా?" అని మనమడు రాత్రి అడిగాడు.

పెద్ద పుస్తకాల చివర పదసూచిక ఉంటుంది చూడండి, ఏ మాట ఏ పుటలో ఉన్నదో చెప్పేది. వెదికే యంత్రం దగ్గర కూడా అటువంటి సూచికే ఉన్నది, కాకపోతే కోట్లకొద్దీ పుటలకు. కనుక జవాబు వ్రాసినవాడు ఏ మాటలు వాడి ఉంటాడో ఊహించి, అవే ఇవ్వాలి. పశువైద్యుడు వ్రాసిన పుటలో మా పక్కింటివారు ఎందుకుంటారు? ఇప్పటి యంత్రాలు వాక్యం భావాన్ని కూడా కొంత పసికడతాయి, నిజమే. కాని నేను చెప్పని జొన్నను అవెలా పసికడతాయి?

పేరు తెలియనప్పుడు మొదట పేరుకోసమే వెదకాలి. తరవాత ఆ పేరుతో మళ్ళీ వెదకాలి. రెండు మాటలు విడిపోకూడదనుకుంటే ఉల్లేఖన చిహ్నాల మధ్య పెట్టండి.

ఆ రెండో గేదె నిన్ననే ఈనింది. పక్కింటినుంచి జున్ను వచ్చింది. మనమడు నాకు రెండే ముక్కలు మిగిల్చాడు.